హెచ్చరిక: పాత వాడె భూమికి అడ్వాన్సు ఇచ్చే ముందు

సిరవార, కవితాళ, మాన్వి, సింధనూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలకూ, హైదరాబాదు నుంచో కర్నూలు నుంచో ఇక్కడ భూమి కొనాలని చూస్తున్న మన బంధువులకూ సూటిగా చెబుతున్నాం. ఊరి పాత దేశాయి వాడెనూ (దేశాయిల పెద్ద ఇంటినీ) దాని చుట్టూ ఉన్న ఎకరాలనూ చూపించి, "ఎన్‌ఏకి (వ్యవసాయేతర మార్పిడికి) ఫైలు పెట్టాం, ఆర్డరు రాగానే ధర నాలుగింతలు, ఇప్పుడైతే ఎకరం లెక్కన ఇస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాట మీద ఒక్క రూపాయి కూడా చేతులు మారనివ్వకండి. చెప్పే మనిషి మన ఊరివాడైనా సరే, మన కులంవాడైనా సరే, మీ మేనమామే మధ్యవర్తిగా కూర్చున్నా సరే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2020లో కర్ణాటక ప్రభుత్వం భూసంస్కరణల చట్టాన్ని సవరించింది. వ్యవసాయదారు కానివాడు వ్యవసాయ భూమి కొనకూడదన్న 79బి సెక్షను, ఆదాయానికి పరిమితి పెట్టిన 79ఎ సెక్షను రెండూ పోయాయి. అంతకుముందు హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఉద్యోగి రాయచూరు జిల్లాలో పొలం కొనాలంటే ఆ సెక్షన్లే అడ్డం నిలిచేవి. ఇప్పుడు ఆ అడ్డు లేదు. దానికి తోడు గిణిగేర నుంచి రాయచూరుకు వేస్తున్న రైలు మార్గం 2024లో సింధనూరు దాకా వచ్చింది. రాయచూరు పక్కన యెర్మరస్‌లో విమానాశ్రయం అంటున్నారు. ఎయిమ్స్ కోసం రాయచూరులో 2022 మే నుంచి ధర్నా నడిచింది. మాన్వి నుంచి విడిపోయి సిరవార తాలూకా కేంద్రమైంది. ఇందులో ప్రతి వార్తా బ్రోకరు నోట్లో ధరగా మారుతోంది. అన్నిటికన్నా ఎక్కువ ఆశ పుట్టించేది పాత వాడె. ఊరి నడిమధ్యనో ఊరి అంచునో విశాలమైన ఆవరణ, రాతి ద్వారం, బావి, చింతచెట్లు, వెనక పొలం. చూడగానే రిసార్టు కనబడుతుంది, లేఅవుట్ కనబడుతుంది, కళ్యాణమంటపం కనబడుతుంది. కనబడనిది కాగితం ఒక్కటే.

అనుమతి వల్ల భూమి విలువ పెరుగుతుందన్నది నిజమే. దాన్ని మేం కాదనడం లేదు. పొలంగా ఉన్న భూమి ఇళ్ల స్థలమైతే ధర పెరగడం లోకమంతటా ఉన్నదే. కానీ ఆ విలువ అనుమతి చేతికొచ్చాక పుట్టే విలువ. అది రాకముందే ఆ ధరలో సగం మీ దగ్గర వసూలు చేసి, రాకపోతే ఆ నష్టం మీ నెత్తిన పెట్టడమే ఈ బేరాల పద్ధతి. అనుమతి వస్తే లాభం మధ్యవర్తిది, రాకపోతే నష్టం మీది. అగ్రిమెంటులో ఆ షరతు ఎక్కడా రాసి ఉండదు.

అనుమతి అంటే ఒక్క కాగితం అనుకునేవాళ్లు మనలో చాలామంది. కర్ణాటక భూ రెవెన్యూ చట్టం, 1964లోని 95వ సెక్షను కింద డీసీ (జిల్లా డిప్యూటీ కమిషనర్) ఇచ్చే భూమార్పిడి ఆర్డరు మొదటి మెట్టు మాత్రమే. ఆ ఆర్డరు ఏ అవసరానికి ఇచ్చారో దానికే పనికొస్తుంది. నివాసానికి మార్చిన భూమిలో హోటలు కట్టడానికి లేదు. ఆ తర్వాత 1961 నాటి నగర, గ్రామీణ ప్రణాళిక చట్టం కింద లేఅవుట్‌కు మంజూరు కావాలి. రోడ్లు, పార్కు, పౌర సౌకర్యాల స్థలం విడదీసి స్థానిక సంస్థకు అప్పగించాలి. అంటే మీరు లెక్కవేసుకున్న ఎకరంలో అమ్ముకోగలిగేది ఎకరం ఉండదు. ఆపైన కట్టడానికి పంచాయతీ లేదా పట్టణ సంస్థ లైసెన్సు. ప్రణాళికా ప్రాంతంలో 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా నమోదు. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెరా చట్టం మూడో సెక్షను ప్రకారం నిషేధం. నమోదైన ప్రాజెక్టులో కూడా రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. ఈ లెక్కన చూస్తే కరపత్రాల మీద రంగురంగుల ప్లాను వేసి, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని లక్షలు తీసుకుంటున్నవాళ్లు ఏ మెట్టు మీద నిలబడి ఉన్నారో మీరే అడగండి.

పంచాయతీ కాగితం గురించి కూడా ఒక మాట. ఇ-స్వత్తులో (పంచాయతీ ఆస్తుల ఆన్‌లైన్ రిజిస్టరులో) పేరు వచ్చింది, పన్ను కట్టిన రసీదు ఉంది, కరెంటు మీటరు ఉంది అని చూపిస్తారు. పన్ను రిజిస్టరులో పేరుండటం వల్ల భూమి మీద హక్కు రాదు, లేని మార్పిడి ఉన్నట్టు అవదు. జీపీఏ మీద అమ్మిన భూమికీ ఇదే సంగతి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు, వీలునామా కలిపి అమ్మకంలా నడిపించే పద్ధతి వల్ల యాజమాన్యం మారదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా కాలువ వెంట ఉన్న మన క్యాంపుల్లో ఇప్పటికీ జీపీఏ కాగితాలు ట్రంకుపెట్టెల్లో పట్టాల్లాగే భద్రంగా ఉన్నాయి.

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. మామూలు పొలం కన్నా వాడె భూమి ఎందుకు ప్రమాదమో అర్థం కావాలంటే ఈ జిల్లా భూచరిత్ర కొంత తెలియాలి.

రాయచూరు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. నిజాం పాలనలో ఇక్కడి భూమిలో కొంత దివానీ, కొంత జాగీరు, కొంత సంస్థానాలది, కొంత దేశాయిలు, దేశపాండేలు, పటేళ్ల చేతుల్లో వతన్ (వంశపారంపర్య అధికారానికి ఇచ్చిన భూమి). 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత 1950 కౌలుదారీ చట్టం, ఆపైన ఇనాముల రద్దు చట్టం. మైసూరు రాష్ట్రంలోకి వచ్చాక 1961లో గ్రామాధికారాల రద్దు చట్టం చేశారు. దాంతో వతన్ భూమి ప్రభుత్వానిదై, తిరిగి హక్కుదారులకు మంజూరు కావాల్సిన భూమి అయింది. మంజూరైన దానిమీద కూడా తర్వాత అమ్మకపు ఆంక్షలు వచ్చాయి. 1974 మార్చి 1 నాడు ఏ భూమిలో కౌలుదారు ఉన్నాడో ఆ భూమి భూసంస్కరణల చట్టం 44వ సెక్షను కింద ప్రభుత్వపరమైంది. కౌలుదారు దరఖాస్తు పెట్టుకుని హక్కు పొందాలి. పొందిన భూమికీ 15 ఏళ్లు అమ్మకూడదన్న నియమం ఉంది.

ఇప్పుడు వాడె వారసుడు వచ్చి "ఇదంతా మా తాతగారిది" అంటాడు. అన్నది అబద్ధం కాకపోవచ్చు. తాతగారిదే. అయితే 1949 తర్వాత, 1961 తర్వాత, 1974 తర్వాత దానిలో ఏది ఆ కుటుంబానికి మిగిలిందన్నదే ప్రశ్న. వాడె గోడల లోపలి స్థలం వాళ్లదే అయి ఉండొచ్చు. వెనక పదెకరాలు వతన్ కావచ్చు. దానికి ఆనుకున్న నాలుగెకరాలు గుడి మాన్యమో, దర్గా ఇనామో, మఠానికి ఇచ్చిన భూమో కావచ్చు. వాగు వైపు భూమిలో కౌలుదారు కుటుంబం 1974లో దరఖాస్తు పెట్టి ఉండొచ్చు. ఆ ఫైలు తాలూకా కచేరీలో ఇంకా తెరిచే ఉండొచ్చు. పహణిలో (భూమి హక్కుల, పంటల రికార్డులో) కనిపించే పేరొక్కటి చూసి ఇదంతా తెలుసుకోలేం. పాత పహణీలు, మ్యుటేషన్ రిజిస్టర్లు, మంజూరు ఉత్తర్వులు వరసగా తీసి చదవాలి. నిజాం కాలపు కాగితాల్లో ఉర్దూ, మోడి లిపి ఉంటాయి. చదివేవాళ్లు తగ్గిపోయారు గనుక చాలామంది ఆ భాగం వదిలేస్తున్నారు. ఆ వదిలేసిన భాగంలోంచే తర్వాత కేసులు పుడుతున్నాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది షెడ్యూల్డు కులాల, తెగల వాళ్లకు ప్రభుత్వం మంజూరు చేసిన భూమి. 1978 నాటి పీటీసీఎల్ చట్టం ప్రకారం అలాంటి భూమిని ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. భూమి అసలు కుటుంబానికి తిరిగి వెళుతుంది. చాలా ఏళ్లు గడిచాక తిరిగి అడిగే దరఖాస్తులు సమంజసమైన గడువులోపల ఉండాలని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ తర్వాత 2023లో కర్ణాటక శాసనసభ చట్టాన్ని సవరించి, దరఖాస్తుకు కాలపరిమితి అడ్డురాదని రాసింది. ఆ చట్టం పేదవాడి భూమి పేదవాడి దగ్గరే ఉండాలని పుట్టింది. దాన్ని మేం సమర్థిస్తున్నాం. మోసపోయి భూమి పోగొట్టుకున్న కుటుంబానికి న్యాయం జరగాల్సిందే. మనం చేయాల్సింది అలాంటి భూమి జోలికి వెళ్లకపోవడం. పెద్ద వాడె లేఅవుట్‌లో ప్లాను గీసేటప్పుడు అంచున ఉన్న రెండెకరాల మంజూరు భూమిని మెల్లగా కలిపేయడం జరగరానిది. మీ ప్లాటు సరిగ్గా ఆ రెండెకరాల మీద పడితే మీ బిడ్డ పెళ్లికి దాచిన డబ్బు పోతుంది, అవతల ఒక పేద కుటుంబానికి అన్యాయం చేసినవాళ్లూ అవుతారు.

ఇంటి ఆడపడుచుల వాటా సంగతి మరొకటి. కర్ణాటకలో 1994 నుంచీ, దేశమంతటా 2005 సవరణ నుంచీ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. వాడె కుటుంబాలు పెద్దవి. ముగ్గురు అన్నదమ్ములు సంతకం పెడితే చాలదు. బళ్లారిలో, షోలాపూర్‌లో, హైదరాబాదులో ఉన్న అక్కచెల్లెళ్లు, చనిపోయినవాళ్ల పిల్లలు అందరూ కాగితం మీదికి రావాలి. "వాళ్లేమీ అడగరండీ" అని చెప్పేవాడి మాట నమ్మి కొన్న భూమి, పదేళ్ల తర్వాత పార్టీషన్ దావాలో చిక్కుకోవచ్చు.

ఈ మాటలన్నీ భయపెట్టడానికి చెబుతున్నామని అనుకునేవాళ్లు తుంగభద్ర ఎగువకు ఒకసారి చూడాలి. ఆనెగొంది పక్కన నది మధ్యలో ఉన్న విరుపాపురగడ్డి మనకు దూరమేమీ కాదు. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడేదాకా అది రాయచూరు జిల్లాలోదే. హంపికి ఎదురుగా, వరిపొలాల మధ్య, విదేశీ యాత్రికులతో నిండిన చోటు. అక్కడి వ్యవసాయ భూముల్లో గుడిసెలతో మొదలై గెస్ట్‌హౌసులు, హోటళ్లు లేచాయి. ఏళ్ల తరబడి నడిచాయి. డబ్బు వచ్చింది. ఎంతోమంది అప్పుచేసి పెట్టుబడి పెట్టారు. ఆ గ్రామాన్ని 1988లోనే మైసూరు పురాతన కట్టడాల చట్టం, 1961 కింద రక్షిత ప్రాంతంగా ప్రకటించి ఉన్నారు. 2020 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆ కట్టడాలు చట్టవిరుద్ధమని తేల్చి, హంపి ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణ ప్రాధికార సంస్థ కూల్చివేత చర్యను సమర్థించింది. మార్చి మొదటి వారంలో జేసీబీలు వచ్చాయి. ఎంతకాలం నడిచిందన్నది, ఎంతమంది బతుకుతున్నారన్నది, ఎంత పెట్టుబడి పెట్టారన్నది అక్కడ ఏదీ రక్షించలేదు. మనం కొనబోయే వాడె దగ్గర కూడా కోటగోడో, పాత గుడో, శాసనమో ఉందా అన్నది ముందే చూసుకోవాలి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతితోనే. మస్కీలో అశోకుడి శాసనం 1915లో బయటపడింది ఒక గనుల ఇంజనీరు కంటికి. ముద్గల్ కోట, రాయచూరు కోట, కల్లూరు గుళ్లు, ఇవన్నీ ఉన్న జిల్లా ఇది. రాయచూరు కోటలో 1294 నాటి శాసనం ఉంది. ఆ పొడవాటి రాతిపలక మీద ఉన్నది మన తెలుగే. ఈ నేల మీద మనం నిన్న వచ్చినవాళ్లం కాదని ఆ రాయి చెబుతోంది. అంతే బాధ్యతను కూడా మోపుతోంది.

ఇంగ్లండులో ఇదే వ్యవహారం ఎలా నడుస్తుందో చూస్తే మనకు ఒక సంగతి బోధపడుతుంది. అక్కడ 1947లో నగర, గ్రామీణ ప్రణాళిక చట్టం వచ్చాక, భూమి మీద కట్టే హక్కు యజమాని సొంతం కాకుండా పోయింది. ప్రతిదానికీ అనుమతి కావాలి. పాత జమీందారీ బంగళాను వారసత్వ జాబితాలో చేర్చిన తర్వాత దాన్ని అనుమతి లేకుండా కూల్చినా మార్చినా అది నేరం. ఇచ్చిన అనుమతికి సాధారణంగా మూడేళ్ల గడువు. ఆలోగా పని మొదలుపెట్టకపోతే మురిగిపోతుంది. అక్కడా 20వ శతాబ్దంలో వందలాది గ్రామీణ భవనాలు పన్నుల భారంతో కూలిపోయాయి. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ నష్టాన్ని చూపిస్తూ ఒక ప్రదర్శన పెట్టాక జనం కళ్లు తెరిచారు. మన దగ్గర వాడెలు కూలుతున్నా అలా లెక్కపెట్టేవాళ్లు లేరు. ఏ తాలూకాలో ఎన్ని వాడెలు మిగిలాయో జాబితా తయారు చేయడం పురాతత్వ శాఖకు పెద్ద పనేమీ కాదు. సిరవార తాలూకాతోనే మొదలుపెట్టమని అడుగుతున్నాం.

ఇక వాడెను కూల్చేసే సంగతి. భూమార్పిడి సులువవుతుందని, ఖాళీ స్థలమైతే కొనేవాడు త్వరగా వస్తాడని కొందరు వారసులు ముందుగానే వాడెను పడగొడుతున్నారు. తలుపులు, చెక్కస్తంభాలు, రాతి గడపలు పాతసామాను వ్యాపారుల లారీలెక్కుతున్నాయి. ఇది తెలివితక్కువ లెక్క. మట్టి మిద్దె, మూడడుగుల మట్టిగోడ, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే లోపలి గది. రాయచూరు ఎండలు ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నిర్మాణమే ఆ ఆస్తికి నిజమైన విలువ. ఖాళీ స్థలం ఈ జిల్లాలో ఎక్కడైనా దొరుకుతుంది. అలాంటి వాడె ఇంకొకటి కట్టగల మేస్త్రీలు దొరకరు. బాగుచేయించేవాళ్లు కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి: మట్టీ సున్నమూ కలిపి కట్టిన గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ లోపల్నుంచి పాడవుతుంది. సున్నంతో కట్టినదానికి సున్నమే పెట్టాలి.

వాడెను నిలబెట్టి బతికినవాళ్లు మన మధ్యే ఉన్నారు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను దాని వారసుల కుటుంబమే సొంత ఖర్చుతో ఏళ్ల తరబడి బాగుచేయించింది. 2022లో ఆ పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ సంరక్షణ పురస్కారం వచ్చింది. ఆనెగొందిలో కిష్కింధ ట్రస్టు ఊళ్లోని పాత ఇళ్లను కూల్చకుండా సరిచేసి, యాత్రికులు ఉండేలా చేసింది. ఊరి ఆడవాళ్లకు అరటినారతో చేతిపనులు నేర్పి ఆదాయం చూపించింది. అక్కడ విలువ పెరిగింది. దానికి దొంగ ఆర్డరు అక్కర్లేకపోయింది. వనపర్తి రాజభవనం 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీగా నడుస్తోంది. గద్వాల కోటలోనూ కాలేజీ ఉంది. మన వారసులు అన్నదమ్ముల తగాదా తేల్చుకుని, భాగపంపకం రిజిస్టరు చేయించుకుని, సరిహద్దు సర్వే చేయించి, హోమ్‌స్టేకో పాఠశాలకో నియమాల ప్రకారం అనుమతి తెచ్చుకుంటే, వాడెను అమ్మకుండానే అది ఆదాయం ఇస్తుంది. దానికి సమయం పడుతుంది. కానీ ఆ అనుమతి రేపు ఏ కోర్టులోనూ పడిపోదు.

నీటి గురించి చెప్పకుండా ఈ హెచ్చరిక పూర్తికాదు. సిరవార తుంగభద్ర ఎడమకాలువ చివరి ఆయకట్టు. 1953లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ కాలువ వెంట క్యాంపులు వేసుకున్న మన తాతలు ఎందుకు వచ్చారో మరిచిపోకూడదు. కృష్ణా, గోదావరి, గుంటూరు ఊళ్లలో ఉన్న కొంచెం భూమి అమ్ముకుని, ఇక్కడి నల్లరేగడిని చదునుచేసి, వరి పండించి రెండు తరాలను నిలబెట్టారు. ఎగువన ఎవరు నీళ్లు ఎక్కువ లాగినా నష్టం పడేది మైలు 104 దాటిన మన చివరి పొలాలకే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనమంతా ఎలా నిద్రలేకుండా గడిపామో గుర్తుంది కదా. 33 గేట్ల ఆనకట్టలో ఒక్కటి పోతే లక్షలాది ఎకరాల పంట గాల్లో దీపమైంది. నీరు అనుమానంగా ఉన్నప్పుడే భూమి అమ్ముదామన్న ఆలోచన బలపడుతుంది. సరిగ్గా అప్పుడే బ్రోకరు గుమ్మంలోకి వస్తాడు. ఆయకట్టు భూమిని మెట్ట భూమిగా చూపించి మార్పిడి చేయిస్తామంటాడు. అది తప్పుడు వివరణ మీద వచ్చిన ఆర్డరు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే రద్దయ్యే ఆర్డరు.

రేగడి నేల సంగతి ఇళ్లు కట్టుకున్నవాళ్లకు తెలుసు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పునాది సరిగ్గా లేకపోతే గోడ పగులుతుంది. కాలువ ఊటతో చౌడెక్కిన భూములు తుంగభద్ర ఆయకట్టులో ఎన్నో ఉన్నాయి. పొలంలోంచి మురుగు ఎటు వెళుతుందో చూడకుండా నడుమ లేఅవుట్ వేస్తే ఊళ్లో నీరు నిలుస్తుంది, పక్కపొలం చౌడెక్కుతుంది. ప్లాను మీద రోడ్లు నలభై అడుగులుంటాయి. మురుగు కాలువ మాత్రం ఆ ప్లానులో ఎక్కడా ఉండదు.

కాబట్టి కొనేవాళ్లు ఏం చేయాలో వివరంగా చెబుతున్నాం. సర్వే నంబరు, హిస్సా నంబరు చేతిలో లేకుండా మాట్లాడటమే మొదలుపెట్టకండి. సర్వే నంబరులో కొంత భాగం కొంటుంటే 11ఇ స్కెచ్ (అమ్మే భాగాన్ని కొలిచి గీసిన సర్వే పటం) అడగండి. పోడి (సర్వే నంబరు విభజన) జరగకపోతే జరిగాకే రండి అనండి. దిశాంక్ యాప్‌లో ఆ స్థలంలో నిలబడి ఏ సర్వే నంబరు చూపిస్తోందో, ప్రభుత్వ భూమి అని ఏమన్నా ఉందేమో చూడండి. పహణిలో ఇప్పటి పేరుతో సరిపెట్టుకోకుండా 1960ల నుంచి ఉన్న పహణీలు, మ్యుటేషన్లు తీయించండి. 30 ఏళ్ల ఈసీ తీసుకోండి. భూమార్పిడి ఆర్డరు చూపిస్తే నంబరు రాసుకుని డీసీ కచేరీలో సరిచూడండి. జిరాక్సు మీద నమ్మకం పెట్టుకోకండి. ఆ ఊళ్లో రెండు మూడు తరాలుగా ఉన్న పాలేరు కుటుంబాలను, పూజారిని, పాత పటేలు ఇంటివాళ్లను అడగండి. ఏ భూమి ఎవరికి మంజూరైందో, ఏది మాన్యమో వాళ్లు చెప్పినంత కచ్చితంగా చాలాసార్లు ఏ రికార్డూ చెప్పదు. ఈ పనులన్నీ అయ్యాక, మీ సొంత వకీలు చూశాక, రిజిస్టరు చేసిన అగ్రిమెంటు మీదే డబ్బు ఇవ్వండి. అనుమతి రాకపోతే డబ్బు ఎంతకాలంలో వెనక్కి ఇవ్వాలో అందులో రాయించుకోండి. అది రాయనంటే అక్కడే లేచి రండి.

అధికారులకూ ఒక మాట. భూమార్పిడి ఆర్డర్లూ, మంజూరైన లేఅవుట్లూ, పీటీసీఎల్ కింద ఉన్న సర్వే నంబర్లూ, వతన్, ఇనాం, దేవాదాయ, వక్ఫ్ భూముల జాబితాలూ తాలూకా కచేరీ గోడ మీద కన్నడంలో రాసి పెట్టండి. క్యాంపుల్లో ఉన్న ముసలివాళ్ల కోసం తెలుగులో కూడా పెడితే మరీ మంచిది. జనం ప్రశ్న అడిగినప్పుడు సమాధానం రావాలి. అది రానంతకాలం బ్రోకరు మాటే ఊరి రికార్డుగా నడుస్తుంది.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు మౌనంగా కూర్చోకండి. రసీదులు, ఫోన్ సందేశాలు, బ్యాంకు ద్వారా పంపిన డబ్బు వివరాలు ఒకచోట పెట్టండి. సర్వే నంబరు పట్టుకుని ఈ వారమే తహసీల్దారు కచేరీకి వెళ్లి ఆ భూమి మీద మార్పిడి దరఖాస్తు నిజంగా పడిందా అని అడగండి. పడకపోతే డబ్బు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా నోటీసు ఇప్పించండి. పరువు పోతుందని ఆగితే ఆలోగా ఇంకో నలుగురు అదే ప్లాటుకు అడ్వాన్సు ఇస్తారు. వాళ్లలో మీ తమ్ముడూ ఉండొచ్చు.